మీటరు లెక్క ముందు ఇంటివాళ్లకి తెలియాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇళ్లకు స్మార్ట్ నీటి మీటర్లు పెట్టాలా వద్దా అని మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. కావాలనేవాళ్లు నీళ్లు ఆదా అవుతాయంటున్నారు, వద్దనేవాళ్లు ఇదంతా బిల్లు పెంచడానికే అంటున్నారు. నేను పెట్టాలనే అంటాను, కానీ ఒక షరతు మీద. మీటరు గంటగంటకీ నమోదు చేసే లెక్క ఆఫీసు కంప్యూటర్లోనే ఉండిపోకుండా అదే రోజు ఆ ఇంటివాళ్ల ఫోన్‌కి రావాలి. అది లేకపోతే రీడింగ్ తీసే పని తగ్గుతుందేమో గానీ ఇంట్లో వాడకం తగ్గదు.

ఎందుకంటే మీటరు తనంతట తాను ఒక్క చుక్క కూడా ఆపదు. రెండు నెలలకోసారి వచ్చే బిల్లులో ఉండేది ఒకే ఒక్క అంకె, ఆ నీళ్లు స్నానాలకి పోయాయో, బట్టలకి పోయాయో, ఎక్కడైనా కారిపోయాయో దాన్ని చూసి ఎవరు చెప్పగలరు? ఈసారి ఎక్కువొచ్చిందే అనుకుని, పిల్లల మీద నాలుగు కేకలేసి, కట్టేస్తాం. అదే గంటల వారీ లెక్క చేతిలో ఉంటే ముందు చూడాల్సింది పగటి వాడకం కాదు, రాత్రి రెండింటికీ నాలుగింటికీ మధ్య ఏముందో. అందరూ నిద్రపోతున్న వేళ అక్కడ సున్నా ఉండాలి. అలా కాకుండా రోజూ గంటకి 15 లీటర్లు కనిపిస్తున్నాయంటే ఎక్కడో లీకు ఉందన్నమాట. పదిహేనే కదా అనిపిస్తుంది, కానీ రోజుకి 360 లీటర్లు, బిల్లు చేతికొచ్చేలోపు 21 వేల లీటర్లు దాటిపోతాయి.

చాలాసార్లు ఈ లీకు ఫ్లష్ ట్యాంకులోనే ఉంటుంది. లోపలి రబ్బరు అరిగిపోయి, నీళ్లు కమోడ్ గోడ వెంట పల్చగా, చప్పుడు లేకుండా జారుతూ ఉంటాయి, పక్కన నిలబడ్డా తెలియదు. ట్యాంకులో కాస్త రంగు కలిపి పావుగంట ఫ్లష్ చేయకుండా వదిలేయండి, కింద నీళ్లకి రంగొస్తే దొరికిపోయినట్టే. మార్చాల్సింది చిన్న రబ్బరు ముక్క, కానీ మార్చాలని ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఆ చెప్పే పని మీటరు చేయాలి.

2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో కుళాయిలు ఆగిపోయే పరిస్థితి వచ్చినప్పుడు మనిషికి రోజుకి 50 లీటర్లకి మించి వాడొద్దన్నారు. ఏ రోజు ఎంత వాడామో ఆ రోజే తెలియకపోతే అలాంటి మాట ఎవరైనా ఎలా పాటిస్తారు?

బిగించే చోటు గురించి కూడా ఎవరూ మాట్లాడటం లేదు. పైన ట్యాంకు ఉన్న ఇంట్లో మీటరు ట్యాంకుకి ముందు పెడితే కనిపించేది ట్యాంకు ఎప్పుడు నిండిందన్న లెక్కే. లీకు తెలియాలంటే ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే పైపు మీద పెట్టాలి. అపార్ట్‌మెంట్లలో ఒక్కో ఫ్లాట్‌కి వంటింటికొకటి, బాత్రూములకొకటి అని రెండు మూడు పైపులు దిగుతాయి, వాటిలో ఒక్కదానికే మీటరు పెట్టి ఇంటి వాడకం ఇదీ అంటే అది సగం లెక్కే. నీళ్లు కాసేపే వదిలే చోట్ల ముందు గాలి తోసుకొస్తుంది, చక్రం ఉన్న మీటరు ఆ గాలికీ తిరుగుతుంది, జనం దీని గురించి గొడవ పడటంలో న్యాయం ఉంది. అలాంటి చోట చక్రం లేని, శబ్ద తరంగాలతో ప్రవాహాన్ని కొలిచే అల్ట్రాసోనిక్ మీటర్లే పెట్టాలి, అదీ గాలిని నీళ్లుగా లెక్కేయదని అందరి ముందు పరీక్షించి చూపించాకే.

ఇంకో భయం కూడా నిజమైనదే. గంటల వారీ లెక్క చూస్తే ఇంట్లో ఎవరూ లేని రోజులేవో కూడా తెలిసిపోతుంది, కాబట్టి ఆ వివరాలు ఇంటివాళ్లు ఒప్పుకోకుండా బయటివాళ్లకి ఇవ్వకూడదు. ఎనిమిది మంది ఉన్న ఇంటిని ఇద్దరున్న ఇంటితో పోల్చి ‘మీరు ఎక్కువ వాడుతున్నారు’ అని మెసేజ్ పంపడం కూడా అన్యాయం, తలసరి లెక్కే చెప్పాలి. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లకి మామూలు మెసేజో, ఫోన్ కాలో వెళ్లాలి.

లీకు ఉందని కబురొచ్చాక ఎన్ని రోజుల్లో బాగు చేయించాలి, అద్దె ఇంట్లో ఆ ఖర్చు యజమానిదా అద్దెకున్నవాళ్లదా, అప్పటిదాకా కారిపోయిన నీళ్ల బిల్లులో ఏమైనా తగ్గిస్తారా, ఇవన్నీ మీటర్లు బిగించే ముందే అధికారులు రాతపూర్వకంగా చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు