గుణుపూర్ తమ్ముడికి కృతజ్ఞతలు

మూడు రాత్రులుగా సరిగా నిద్ర లేదు కనుక ఇందులో తప్పులుంటే మన్నించండి. పర్లాకిమిడి దగ్గరి ఒక రైసుమిల్లులో నేను లెక్కలు రాస్తాను. సోమవారం తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చాక, ఆఫీసు కంప్యూటర్లన్నీ కలిసి వాడుకునే నాస్ పెట్టెలో డిస్కు పనిచేయడం మానేసింది. ప్రతి రాత్రీ బ్యాకప్ నడుస్తోంది, ప్రతి ఉదయం 'పూర్తయింది' అన్న పచ్చగుర్తు చూస్తున్నాను, కనుక మొదట కంగారు పడలేదు. తీరా తెరిచి చూస్తే బిల్లులు, జీతాల పట్టీలు అన్నీ ఉన్నాయి గానీ, కాటా ప్రోగ్రాము డేటాబేసు మాత్రం ధాన్యం కొనుగోళ్లు మొదలు కాకముందుది. ఏ లారీ ఎంత దించిందో, క్వింటాలు ధాన్యానికి 68 కిలోల చొప్పున ప్రభుత్వానికి ఎంత ఉప్పుడు బియ్యం అప్పగించాలో తేల్చేది ఆ ఒక్క ఫైలే.

"నువ్వు బ్యాకప్ పెట్టలేదు" అన్నారు యజమాని. నా దగ్గర జవాబు లేదు.

బ్యాకప్ సాఫ్ట్‌వేరు అమ్మినవారికి ఫోను చేస్తే, తెరిచి ఉన్న ఫైళ్లు తమ బాధ్యత కాదని చెప్పి ఫిర్యాదును మూసేశారు. డిస్కు బాగుచేసేవారిలో విశాఖ వైపువారు మీది ఒడిశా అన్నారు, భువనేశ్వర్ వైపువారు మీరు చాలా దూరం అన్నారు. సరిహద్దులో ఉన్నవాళ్లం ఎవరి లెక్కలోకీ రామా? ఒక ఫైలును వదిలేసిన రాత్రి పచ్చగుర్తు ఎందుకు చూపాలి?

ఆ సాయంత్రం జిరాక్సు దుకాణంలో నేను ఫోనులో బతిమాలుకుంటుంటే, తన కోసం కొత్త డిస్కు కొనుక్కుని గుణుపూర్ బండికి బయలుదేరబోతున్న ఒక ఒడియా అబ్బాయి విని, బండి వదిలేసి నాతో మిల్లుకు వచ్చాడు. చెడిన డిస్కును ఎక్కువసేపు తిప్పితే ఉన్నది కూడా పోతుందని చెప్పి, దానిని తన ల్యాప్‌టాపుకు తగిలించి, బాగున్న భాగాలను ముందుగా, మొరాయించే భాగాలను చివరగా చదివే పద్ధతిలో మొత్తాన్ని తన కొత్త డిస్కులోకి దించుకున్నాడు. తెల్లవారేసరికి కాటా ఫైలు దొరికింది.

అంతటితో వెళ్లిపోయి ఉన్నా జీవితాంతం తలుచుకునేదాన్ని. కానీ అతడు కూర్చుని, ఏ రాత్రి ఏం జరిగిందో బ్యాకప్ రాసిపెట్టుకునే లాగ్ అంతా చదివి, ప్రతి రాత్రీ అదే ఫైలు ఎదురుగా 32 అన్న సంఖ్య ఉండటం చూపించాడు. ఆ ఫైలు మరో ప్రోగ్రాము చేతిలో ఉందని దాని అర్థమట. కొనుగోళ్ల కాలంలో లారీలు రాత్రీ పగలూ వస్తాయి కనుక మా కాటా గది కంప్యూటరు మూతపడదు. విండోస్‌లోని షాడో కాపీ అనే ఏర్పాటు తన సొంత డిస్కులో తెరిచి ఉన్న ఫైళ్లను పట్టుకోగలదు గానీ, కాటా ఫైలు ఉండే, మేము జెడ్ డ్రైవ్ అని పిలిచే చోటు వేరే పెట్టె అయిన నాస్‌లోది కనుక మా దగ్గర అది అందుకోలేకపోయిందట. రోజంతా వాడుతున్నందువల్లనే ఆ ఫైలు కాపీ కాలేదు. ఇదంతా ఒక కాగితంపై, యజమాని చదువుకోగలిగేలా ఒడియాలో రాసి, చివర "ఈమె ఏ రాత్రీ బ్యాకప్ మరవలేదు" అని చేర్చి నా చేతికిచ్చాడు. నేను అడగలేదు. అక్కడే ఏడ్చేశాను.

ఇప్పుడు కొత్త డిస్కు వేసిన పెట్టెలోనే స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి ఫైళ్లన్నీ ఎలా ఉన్నాయో పట్టి ఉంచే నకలు, తీసి, అందులోంచి వేరే డిస్కుకు కాపీ వెళ్లేలా అమర్చాడు. అయినా రోజుకొకసారి కాటా ప్రోగ్రాము మూసి ఒక కాపీ తీయాలని, నెలకొకసారి దానిని తెరిచి చూడాలని గట్టిగా చెప్పాడు. డబ్బు తీసుకోలేదు, పేరు రాయవద్దన్నాడు.

మావారికి, పిల్లలను చూసుకున్న అత్తయ్యగారికి కూడా కృతజ్ఞతలు.

మరిచాను, రాత్రంతా తన యూపీఎస్ ఇచ్చిన జిరాక్సు దుకాణం బాబాయిగారికి, అర్ధరాత్రి టీ కాచి ఇచ్చిన వాచ్‌మన్ తాతగారికి, పాత కాటా చీటీలు దాచి ఉంచి లెక్క సరిచూసుకోనిచ్చిన లారీ డ్రైవరు అన్నలకు కూడా నమస్కారాలు.

తమ్ముడూ, నీ డిస్కు మా దగ్గరే ఉండిపోయింది. ఆదివారం ఉదయం బండికి గుణుపూర్ వచ్చి నేనే ఇస్తాను.