ఏడేళ్ల గోధుమ విస్కీలో బిరడా దోషం: మీ జవాబుపై అభ్యంతరం

వినియోగదారుల విభాగాధికారి గారికి,

నమస్కారం. కెంటకీలోని మీ డిస్టిలరీ నుంచి వచ్చిన ఏడేళ్ల స్ట్రెయిట్ వీట్ విస్కీ సీసా ఒకటి ముక్కిపోయిన వాసన వేస్తోందని గత నెలలో మీకు ఫిర్యాదు చేశాను. రుచి మనిషిని బట్టి మారుతుందని, ఈ విస్కీ అందరికీ నచ్చకపోవచ్చని మీ విభాగం జవాబిచ్చింది. విస్కీ నచ్చలేదని నేను రాయలేదు. సీసా చెడిపోయిందని రాశాను. మొదటిదానికి మీరు బాధ్యులు కారు, రెండోదానికి మాత్రం మీరే బాధ్యులు.

అదే లాట్ నంబరు (ఒకే విడతలో నింపిన సీసాలకు వేసే సంఖ్య) ఉన్న మరో సీసా ఒక మిత్రుడి దగ్గర ఉంది. రెండింటినీ విస్కీ వాసన చూడటానికి వాడే ఒకే రకం గ్లెన్‌కెయిర్న్ గ్లాసుల్లో సమంగా పోయించి, ఏది ఎవరిదో మాకు తెలియకుండా ఇంట్లోవారి చేత అమర్చించి, కాసేపు మూతపెట్టి ఉంచిన తర్వాత ముందు వాసన, ఆపైన రుచి చూశాం. ఒక గ్లాసులో తేనె, కాల్చిన రొట్టె, వెనిల్లా, చివర్లో ఓక్ చెక్క తాలూకు సన్నని వగరు స్పష్టంగా తెలిశాయి. రెండో గ్లాసులో (అది నా సీసాదని తర్వాత తెలిసింది) వానకు తడిసి మూలన పడి ఉన్న అట్టపెట్టె వాసన తప్ప మరేమీ లేదు. నాలుక మీద మద్యపు వేడి తెలుస్తోంది గాని తీపి లేదు, రుచి గొంతు దిగకముందే తెగిపోతోంది. కొన్ని చుక్కల నీళ్లు వేస్తే ఘాటు తగ్గి మొదటి గ్లాసు ఇంకా విచ్చుకోగా, రెండోదానిలో ఆ ముక్కిపోయిన వాసనే పెరిగింది. అందులో శుభ్రమైన పాలిథీన్ ముక్కను కాసేపు నానబెట్టి తీశాక ఆ వాసన కొంత తగ్గడంతో నా అనుమానం బలపడింది.

ఇవి ట్రైక్లోరోఅనిసోల్ లక్షణాలు. బిరడా చెక్కలో చేరిన క్లోరోఫినాల్స్ అనే క్లోరిన్ రసాయనాల మీద బూజు పనిచేసినప్పుడు పుట్టే ఈ పదార్థం వైన్‌లో లీటరుకు కొన్ని నానోగ్రాములున్నా ముక్కుకు తెలిసిపోతుంది. పాలిథీన్ దీన్ని పీల్చుకుంటుంది. పీపాలోనే దోషం ఉంటే అదే లాట్‌లోని మిత్రుడి సీసాలోనూ కనిపించాలి. గాజు సీసాలోకి చేరాక విస్కీ ముదరదు, తనంతట తాను పెద్దగా మారదు. స్ట్రెయిట్ విస్కీలో రంగులు, రుచులు కలపడానికి చట్టం ఒప్పుకోదు. ఇక మిగిలింది ఆ సీసా, దాని బిరడా మాత్రమే.

రై ధాన్యపు కారం లేని గోధుమ విస్కీ స్వభావరీత్యా మెత్తనిది, కాబట్టి ఇలాంటి దోషాన్ని కప్పిపుచ్చుకోలేదు. పైగా 2005లో హెవెన్ హిల్ డిస్టిలరీ వారి బెర్న్‌హైమ్ గోధుమ విస్కీ వచ్చేదాకా ఈ రకం అమెరికా దుకాణాల్లో దాదాపు కనిపించేదే కాదు. నా చేతికి వచ్చిన సీసాతోనే దీన్ని తొలిసారి రుచి చూసినవారు గోధుమ విస్కీ అంటే ఇంతేనని పక్కన పెట్టేస్తారు. కాల్చిన కొత్త ఓక్ పీపాలో ఏడు కెంటకీ వేసవులు గడిపి, అందులో కొంత ఆవిరైపోగా మిగిలిన సరుకును ఒక బిరడా పాడుచేస్తే నాకంటే మీకే ఎక్కువ నష్టమని నా అభిప్రాయం.

సీసాను పోస్టులో పంపమని మీ జవాబులో అడిగారు. అమెరికా తపాలా సంస్థ మద్యాన్ని స్వీకరించదు, ప్రైవేటు కొరియర్లు లైసెన్సు ఉన్న వ్యాపారుల నుంచే తీసుకుంటాయి. మద్యం వ్యాపారంలో ఉన్న మీకు ఇది తెలియదంటే నమ్మడం కష్టం.

అందువల్ల నా సీసాను మీ పంపిణీదారు ద్వారా తెప్పించుకుని, విస్కీని, బిరడాను అందులోని పదార్థాలను విడదీసి గుర్తించే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్షకు పంపి, ఫలితాన్ని రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను. ఆ లాట్‌కు వాడిన బిరడాలు ఎక్కడి నుంచి వచ్చాయో, వాటిపై ఇంకెవరైనా ఫిర్యాదు చేశారో కూడా చూడండి. దోషం తేలితే బదులు సీసాగాని, కొన్న ధరగాని ఇప్పించి, మీ మునుపటి జవాబును ఉపసంహరించుకోవాలి. సగానికి పైగా విస్కీ మిగిలి ఉన్న సీసాకు వేరే మూత బిగించి చీకటి అలమారాలో నిలువుగా ఉంచాను; బిరడాను అల్యూమినియం రేకులో చుట్టి విడిగా దాచాను. కొనుగోలు రసీదు, లాట్ నంబరు ఫోటోలు ఈ లేఖతో జతచేస్తున్నాను.

భవదీయుడు,
మీ వినియోగదారుడు
ఫ్రిస్కో, టెక్సాస్