ట్యాబ్‌లో లోపం ఉందని నిరూపించాల్సింది కొన్నవాళ్లేనా?

సంపాదకుడి గారికి నమస్కారం.

వారంటీలో ఉన్న ట్యాబ్ పాడైతే మార్చి ఇస్తారని కొనేటప్పుడు అందరం అనుకుంటాం. పూర్తిగా చచ్చిపోతే పెద్ద గొడవేం ఉండదు, బటన్ నొక్కినా వెలగని వస్తువును పట్టుకుని బాగానే ఉందని ఎవరూ అనలేరు కదా. చిక్కంతా వచ్చి పోయే లోపంతోనే. ఇంట్లో నానా వేషాలూ వేసిన ట్యాబ్ సర్వీస్ సెంటర్ కౌంటర్ మీద పెట్టగానే బుద్ధిగా పనిచేస్తుంది. వాళ్లు స్క్రీన్ మీద వేలితో అటూ ఇటూ తోసి చూసి ‘బానే ఉంది కదండీ’ అంటారు. ఆ మాటకి ఏం జవాబు చెప్పాలో తెలీక వెనక్కి పట్టుకొచ్చేసేవాళ్లు ఎంతమందో.

మా ట్యాబ్‌కి వచ్చింది ఘోస్ట్ టచ్, అంటే ఎవరూ ముట్టుకోకుండానే స్క్రీన్ తనంతట తానే నొక్కుకోవడం. వీడియో మధ్యలో ఆగిపోతుంది, కీబోర్డు తెరిస్తే ఒకే అక్షరం వరసగా పడుతూనే ఉంటుంది, ఒకసారైతే ఎవరికో వీడియో కాల్ కూడా వెళ్లిపోయింది. సర్వీస్ సెంటర్ వాళ్లు సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించి, జాబ్ షీట్ మీద ‘సమస్య కనపడలేదు’ అని రాసి ఇచ్చేశారు. అందులో ఉన్న ఫొటోలూ ఫైళ్లూ పోయాయి, ఘోస్ట్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

దాంతో నేనే కూర్చుని చూశాను. చవకరకం చార్జర్ల నుంచి వచ్చే విద్యుత్ అలజడి వల్ల కూడా టచ్ పిచ్చిపిచ్చిగా చేస్తుంది కాబట్టి ముందు చార్జర్ తీసేసి, కవరూ స్క్రీన్ గార్డూ కూడా తీసేసి చూశాను, తేడా లేదు. సేఫ్ మోడ్‌లో పెడితే మనం వేసుకున్న యాప్‌లేవీ పనిచేయవు, అప్పుడూ అదే తంతు, అంటే తప్పు యాప్‌లది కాదు. ఇంకొకటి, ఇది చాలామందికి తెలీదు: ఆండ్రాయిడ్ ట్యాబ్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద వరసగా ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో పాయింటర్ లొకేషన్ ఆన్ చేస్తే వేలు పడ్డచోటల్లా స్క్రీన్ మీద గీత పడుతుంది. ట్యాబ్‌ని బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకుని చూస్తే, కాస్త వేడెక్కాక కుడి అంచు పక్కన దానంతట అదే గీతలు గీసుకుంటోంది! ఫోన్‌తో వీడియో తీసి తీసుకెళ్తే కౌంటర్‌లో ఏమన్నారంటే, వీడియోలు చెల్లవండీ, మా కళ్ల ముందు రావాలి అని.

ఇదీ నా అభ్యంతరం. లోపలి కనెక్టర్ సరిగ్గా కూర్చోకపోయినా, టంకం దగ్గర సన్నటి చీలిక ఉన్నా ఆ తేడా వేడెక్కినప్పుడే బయటపడొచ్చు. చల్లటి ఏసీ గదిలో, అప్పుడే ఆన్ చేసిన ట్యాబ్‌ని రెండు నిమిషాలు చూసి ఏమీ లేదంటే అది పరీక్షా? చూడకుండా తప్పించుకోవడమా? పైగా ఆ కాగితం ముక్కే రేపు మనకి అడ్డం తిరుగుతుంది, ‘పోయినసారి చూశాం, లోపం లేదు’ అని.

యూరోపియన్ యూనియన్‌లో 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం, కొన్న ఏడాదిలోపు లోపం బయటపడితే అది అమ్మినప్పటి నుంచీ ఉన్నట్టే లెక్క, కాదంటే నిరూపించుకోవాల్సింది అమ్మినవాడే. మంచి నిబంధనే, కాదనను. కానీ లోపం ఉందని చూపించడం దగ్గరే కదా మన గొడవంతా, అక్కడ ఏ దేశంలో కొన్నవాళ్లయినా ఒకటే.

అందుకని కంపెనీలు చేయాల్సింది చెప్తాను, ఇందులో ఖర్చయ్యేది కూడా పెద్దగా లేదు. జాబ్ షీట్ మీద ఫిర్యాదు మనం చెప్పిన మాటల్లోనే రాయాలి, ‘టచ్ ప్రాబ్లం’ అని ఒక్క ముక్కలో కొట్టేయకూడదు. ఏ పరీక్ష చేశారు, ఎంతసేపు చేశారు, చార్జింగ్‌లో పెట్టి చూశారా లేదా అన్నదీ రాయాలి. వీడియోని సాక్ష్యంగా తీసుకోవాలి. అదే లోపంతో మళ్లీ వస్తే ఇక రిపేరు మాట ఎత్తకుండా మార్చి ఇవ్వాలి. ట్యాబ్ వాళ్ల దగ్గర పడున్న రోజులు వారంటీలోంచి తగ్గించకూడదు, వాడుకోని రోజులకి మన ఖాతాలో కోత ఏమిటి అసలు?

మార్చి ఇచ్చేదగ్గర కూడా చూసుకోవాల్సినవి ఉన్నాయి. బదులుగా వచ్చేది చాలాసార్లు కొత్తది కాదు, బాగుచేసిన పాతది. దాని మీద వారంటీ కొన్ని కంపెనీలు పాతదాంట్లో మిగిలిన కాలం లేదా 90 రోజులు, ఏది ఎక్కువైతే అది ఇస్తాయి, కొన్ని మిగిలిన రోజులతో సరిపెడతాయి. ఆ సంగతి కాగితం మీద రాయించుకోకపోతే తర్వాత ఎవరూ పట్టించుకోరు. పాతది ఇచ్చేముందు గూగుల్ ఖాతానో యాపిల్ ఖాతానో అందులోంచి తీసేయాలి, లేకపోతే లాక్ పడి మార్పిడి అక్కడే ఆగిపోతుంది. లోపల నీళ్లు తగిలితే ఎర్రబడే చిన్న స్టిక్కర్ ఉంటుంది, తడిసింది కాబట్టి వారంటీ వర్తించదు అంటే ఆ ఎర్ర మచ్చ చూపించమనండి, విప్పేటప్పుడు తీసిన ఫొటో అడగండి.

ఇక సర్వీస్ సెంటర్ వాళ్లు ట్యాబ్ లాక్ తెరిచే పిన్ నంబర్ అడిగి తీసుకుని స్టిక్కర్ మీద రాసి ట్యాబ్ వెనకాలే అంటించే అలవాటు ఒకటి. సామ్‌సంగ్ 2022లోనే, గూగుల్ 2023లో మన డేటా కనపడకుండా రిపేరు చేసుకునే మోడ్ తెచ్చాయి, మిగతావాళ్లకి ఏం అడ్డం?

మా ట్యాబ్ ఇప్పటికీ సర్వీస్ సెంటర్‌లోనే ఉంది, వారంటీ గడువు దగ్గర పడుతోంది. అక్కడున్న రోజులు లెక్కలోకి వస్తాయా రావా అని రాతపూర్వకంగా అడిగాను, జవాబు లేదు. ఏ కంపెనీ ప్రతినిధి అయినా ఈ ఒక్క ప్రశ్నకి మీ పత్రికలో సూటిగా సమాధానం ఇస్తే నాలాంటి చాలామందికి టెన్షన్ తగ్గుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు