కెదార్‌ని తెలుగులోంచే పట్టుకో

బెంగళూరు,
ఆదివారం రాత్రి

ఒరే రమణా,

స్పానిష్ మొదలుపెట్టావని చదివి ఎంత సంబరపడ్డానో! ఒక్క మాట ముందే చెప్పేస్తాను, నాకు పట్టినన్ని రోజులు నీకు పట్టకూడదు. మిగలడం, ఉండిపోవడం అని చెప్పే కెదార్ అనే క్రియని ఇంగ్లీషులోంచి నేర్చుకోకు.

నేను 'ఐ హావ్ టూ లెఫ్ట్' అని మనసులో పెట్టుకుని, 'నేను' అనే మాటతో మొదలెట్టి 'యో కేదో దోస్' అంటూ వచ్చాను. ప్రతిసారీ తప్పే. మొన్న క్లాసయ్యాక మల్లేశ్వరంలో ఒక దర్శినిలో నిలబడి టిఫిన్ చేస్తున్నాం. నాలుగిడ్లీల్లో రెండు అయ్యాయి, సాంబారు గిన్నె ఖాళీ. పక్కనున్న కన్నడ స్నేహితుడు ఇంకా ఎన్నున్నాయని అడిగితే నోటికి తెలుగే వచ్చింది, "నాకు రెండు మిగిలాయి" అని. అన్నాక చూసుకున్నానురా, అది అచ్చం 'మే కేదన్ దోస్'! 'మే' అంటే నాకు, 'కేదన్' అంటే మిగిలాయి. క్రియ ఇడ్లీల వెంట పోతుంది, నా వెంట కాదు. ఒక్కటే ఉంటే 'కేద', మిగిలింది. మనం 'మిగిలాయి' అని జరిగిపోయినట్టు చెప్తాం, వాళ్ళు వర్తమానంలో చెప్తారు, అంతే తేడా. మావాడు వెంటనే "ననగె ఎరడు ఉళిదివె, మాదీ అంతే" అన్నాడు.

చొక్కా నప్పిందన్నా ఇదే క్రియ: 'తే కేద బియెన్', నీకు బావుంది. ఇక్కడా 'నీకు'యే చూడు.

చివరి అచ్చు దగ్గర మాత్రం జాగ్రత్త. 'మే కేద' నాకు మిగిలింది, 'మే కేదో' నేను ఉండిపోతాను. 'మే కేదో ఎన్ కాస' అంటే ఇంట్లోనే ఉండిపోతాను. షాపులో వస్తువు నచ్చితే 'మే లో కేదో', ఇది నేను తీసుకుంటాను.

తెలుగు సాయం రాని చోటూ ఒకటుంది. 'కెదామొస్ అ లస్ సింకో' అంటే ఐదింటికి కలుద్దాం. అక్కడ మిగలడం వెతక్కు, కలవడానికి మాట అనుకోవడం అని పెట్టుకో. ఇది ఎక్కువగా స్పెయిన్‌లో వాడే తీరు, లాటిన్ అమెరికాలో 'నొస్ వేమొస్' అంటారు.

దీని మూలం లాటిన్‌లో క్వియేతారే, నెమ్మదింపజేయడం. కదలకుండా ఆగింది ఉండిపోతుంది, ఉండిపోయింది మిగులుతుంది. అలా తలుచుకుంటే ఈ అర్థాలన్నీ ఒకే కొమ్మవని తెలుస్తుంది.

వాళ్ళు మర్యాదగా రాసే ఉత్తరాల చివర 'కేదో అ ల ఎస్పేర' అని రాస్తారట్రా, ఎదురుచూస్తూ ఉంటాను అని. మనం ఇన్నేళ్ళుగా రాస్తున్నదీ అదేగా.

ఇక ఉంటాను,
నీ శీను