చెరకు పొలుసు పురుగుపై ఒడిశా వ్యవసాయ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

రాయగడ జిల్లాలో చెరకు పండించే తెలుగు రైతుల్లో ఒకడిగా, మా తోటలను పీల్చి పిప్పి చేస్తున్న పొలుసు పురుగు విషయం తమకు విన్నవించుకుంటున్నాను. ఇది ప్రధానంగా విత్తనంతో పాకే చీడ కాబట్టి, ప్రభుత్వం విత్తనం దగ్గరే కాపు కాయాలన్నది నా విన్నపం.

పైకి పచ్చగా కనబడే తోటలో ఒక గడను పట్టుకుని ఎండుటాకు ఒలిచి చూడండి. కణుపుల మధ్య బూడిద రంగులోనూ నలుపులోనూ పెచ్చు కట్టి ఉంటుంది; గోటితో గీకితే పొలుసు కింద పసుపుపచ్చని పురుగు బయటపడుతుంది. శాస్త్రజ్ఞులు మెలనాస్పిస్ గ్లోమెరేటా అని పిలిచే ఈ పురుగులో ఆడదానికి రెక్కలు ఉండవు. పిల్ల పురుగులు కొద్దిసేపు పాకి, అనువైన చోట నోటిని గడలోకి గుచ్చి, ఒంటిమీద మైనపు పొలుసు కప్పుకుని ఉండిపోతాయి. రసం పోయిన గడ వడలిపోతుంది, చక్కెర శాతం పడిపోతుంది, కళ్లు సరిగా మొలవవు. బెట్ట పడినప్పుడు, నరికిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగే కార్శి తోటల్లోనూ నష్టం మరీ ఎక్కువ.

దుకాణాల్లో ఇచ్చిన మందు పైపైన కొడితే ఆకు తొడుగునూ పొలుసునూ దాటి పురుగును చేరడం కష్టం. పైగా ఈ పొలుసు పురుగులను తినే అక్షింతల పురుగులు చస్తాయి, ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి.

రెక్కలు లేని పురుగు దూరపు ఊళ్లకు చేరేది ముఖ్యంగా ముచ్చెల మీదనే, అంటే విత్తనంగా నాటే గడ ముక్కల మీదనే. మా ప్రాంతంలో సరిహద్దుకు అటూ ఇటూ ఏ తనిఖీ లేకుండా విత్తనపు చెరకు బండ్లకెక్కుతోంది. అందువల్ల తమ శాఖ ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖతో మాట్లాడి, 1913 నుంచి చెరకు మీద పనిచేస్తున్న అనకాపల్లి పరిశోధన స్థానం సలహాతో, మా జిల్లాలో పురుగు లేని విత్తన తోటలు పెంచి, తనిఖీ చేసిన విత్తనాన్నే రైతులకు అందించాలి. నాటే ముందు ముచ్చెలను మలాథియాన్ కలిపిన నీటిలో పావుగంట ముంచేందుకు పంచాయతీకొక తొట్టి ఏర్పాటు చేయించాలి. ఎండుటాకులు ఒలిచే పనికి కూలి ఖర్చు భరించలేని చిన్న రైతులకు సాయం చేయాలి. సూచనలను ఒడియాతో పాటు తెలుగులోనూ అచ్చు వేయించాలి.

వచ్చే నాట్లకు ముందే ఉత్తర్వులు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
రాయగడ జిల్లా చెరకు రైతు