గంటల లెక్కన కొనే మాటలు: స్టాక్ మార్కెట్ నియంత్రణాధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఛైర్మన్ గారికి,

నా రెండు లేఖలకు జవాబు రానందున ఇలా అందరి ఎదుట రాస్తున్నాను. పెట్టుబడి పరిశోధన కోసం ఫండ్లు నిపుణులకు రుసుమిచ్చి మాట్లాడడం తప్పని నేను అనను. పరిశ్రమ లోతుపాతులు కొంతవరకు అలాగే తెలుస్తాయి. అయితే 2008లో అమెరికాలో అల్జీమర్స్ మందు ప్రయోగాల్లో పాల్గొన్న వైద్యుడొకరు, గంటకు సుమారు 1,000 డాలర్లు తీసుకుంటూ, ఫలితాలను వెల్లడికి ముందే ఫండ్ మేనేజర్ మాథ్యూ మార్టోమాకు చేరవేశారు. 2014లో మార్టోమాకు 9 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఆ సమాచారంతో ఆయన ఫండ్ ఆ మందు కంపెనీల షేర్లను ముందే అమ్మేసింది. ఆ రోజుల్లో ఆ షేర్లు కొన్న చిన్న మదుపరికి, అవతలివాడు ఎందుకు అమ్ముతున్నాడో తెలిసే దారే లేదు.

మన 2015 నాటి ఇన్‌సైడర్ ట్రేడింగ్ (బయటపెట్టని లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం) నిబంధనలు ఇటువంటి చేరవేతను నిషేధిస్తున్నాయి, నిజమే. కానీ సంభాషణకు ఆనవాలే లేకపోతే నిరూపించేదెలా? కనుక రుసుము చెల్లించిన ప్రతి సంభాషణనూ రికార్డు చేసి భద్రపరచాలనీ, లిస్టెడ్ కంపెనీల (స్టాక్ మార్కెట్‌లో నమోదైనవాటి) ప్రస్తుత ఉద్యోగులు తమ సంస్థ గురించి ఇలా మాట్లాడరాదనీ స్పష్టమైన ఉత్తర్వు జారీ చేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
హైదరాబాద్‌కు చెందిన ఒక చిన్న మదుపరి