నాయిన లేవంగనే కళ్లెందుకు తిరుగుతున్నయంటే

మహబూబ్‌నగర్

అరేయ్ శీనూ,

ఎట్లున్నవ్‌రా? మిర్యాలగూడలో ఎండలు అప్పుడే మొదలైనట్టున్నయ్. నాయినకు మంచం మీంచి లేవంగనే కళ్లు తిరుగుతున్నాయని రాశావు. సరిగ్గా తినక అట్ల అయితుందని ఆయన మీద కోపం చేశావట. అట్ల చేయకురా. అది తిండి ఒక్కదాని సంగతి కాదు.

నేను రోజూ పిల్లలకు చెప్పే పాఠమే ఇది. అడ్రినలిన్ అనే హార్మోన్ వచ్చి పట్టుకునే గ్రాహకాలు, అంటే కణాల మీద కబురు అందుకునేవి, ఆల్ఫా, బీటా అని రెండు రకాలని 1948లో ఆల్‌క్విస్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చెప్పాడు. రక్తనాళంలో ఆల్ఫా బిగిస్తుంది, బీటా వదులు చేస్తుంది. వయసు పెరిగేకొద్దీ ముందుగా మందగించేది బీటానే. మందు వచ్చి గ్రాహకాన్ని పట్టుకున్నా, కణం లోపలికి కబురు సరిగ్గా అందదు. ముంజేతి రక్తప్రవాహం కొలిచిన ప్రయోగాల్లో బీటాను తట్టి లేపే ఐసోప్రెనలిన్ అనే మందు ఇస్తే పడుచువాళ్ల నాళాలు బాగా తెరుచుకున్నాయి, పెద్దవాళ్లవి అంతగా తెరుచుకోలేదు. గుండె వేగం కూడా అంతే, అదే మందుకు పెద్దవాళ్లలో తక్కువగా పెరుగుతుంది.

ఆల్ఫా సంగతే నాకు చాలా ఆసక్తి. పెద్దవాళ్ల నరాలు ఆల్ఫాను తట్టే నోరడ్రినలిన్‌ను (అడ్రినలిన్ లాంటిదే) ఎక్కువగానే వదులుతాయి. కానీ రోజూ అరుపులు వినీ వినీ చెవులు మొద్దుబారినట్టు, కాళ్లకూ చేతులకూ పోయే ధమనులు దానికి మునుపటంత బిగుసుకోవు. చేతి మీది సిరలు మాత్రం దాదాపు పాతలాగే బిగుస్తాయి. ఒక్క మనిషిలోనే ఒక్కో నాళానిది ఒక్కో తీరు!

అందుకే లేచి నిలబడగానే గుండె వెంటనే పుంజుకోదు, బీపీ పడుతుంది. దానికి తోడు నాయిన ప్రోస్టేట్‌కు టామ్సులోసిన్ వేసుకుంటున్నాడు కదా, అది ఆల్ఫాను అడ్డుకునేదే. బీపీ ఇంకా పడొచ్చు. అట్లని నీ అంతట నువ్వు ఆపకు, రాసిన డాక్టర్‌కే చెప్పు. జలుబు చేస్తే మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక గోలీ తేకు. వాటిలో చాలావాటికి ఫినైలెఫ్రిన్ కలుస్తుంది. అది ఆల్ఫాను తట్టి లేపేది. బీపీ పెంచొచ్చు, మూత్రం బిగబట్టేలా చేయొచ్చు. అంటే ఒక గోలీ విప్పిన ముడిని ఇంకో గోలీ బిగించినట్టు.

ఒక పని చెయ్. అయిదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడు. నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్లీ చూడు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే ఆ కాగితం పట్టుకొని డాక్టర్ దగ్గరికి పో. అప్పటిదాకా లేచేముందు కాసేపు మంచం అంచున కూర్చోమను, నీళ్లు తాగించు. రాత్రి బాత్రూంకు లేస్తే తోడు పో.

అంకెలు నాకూ రాయి. నాయినను అడిగినట్టు చెప్పు.

నీ
రమేష్